పెట్ట లేని పిల్లలు

పశ్చిమ గోదావరిలోని మా ఊళ్లో కోడిపిల్లల కోసం ఎవరూ ప్రత్యేకంగా ఏర్పాట్లు చేసేవారు కాదు. గుడ్లు పొదగేస్తే 21 రోజులకు పెట్ట తనే పిల్లల్ని వెంటేసుకుని లేచేది. వెచ్చదనం, మేత, గద్ద భయం అన్నీ దాని పూచీయే. నార్త్ కరోలినాలో మా గరాజ్‌లో ఉన్న ఆరు పిల్లలకు తల్లి లేదు, ఫీడ్ స్టోర్‌లో కొన్నవి. పెట్ట పనంతా మా తొమ్మిదేళ్లవాడు నెత్తినేసుకున్నాడు.

పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అడుగున పైన్ చెక్క తురుము. ఉత్త న్యూస్‌పేపర్ పరిస్తే కాళ్లు జారి పక్కలకు వాలిపోతాయి. నీళ్ల గిన్నెలో గోళీలు వేశాం, పిల్ల పడి మునిగిపోకుండా.

వెచ్చదనం కోసం పెట్టే దీపం దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. 250 వాట్ల ఎర్ర బల్బు క్లిప్పు ఊడి తురుములో పడితే ఇల్లే అంటుకుంటుంది. అందుకే పైనుంచి గొలుసు కూడా కట్టాను. డబ్బాకు ఒక చివరే వేడి ఉండాలి, ఉక్కపోస్తే పిల్లలు రెండో చివరకు పోతాయి.

మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 35. ఆ తర్వాత వారానికి ఐదేసి ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గించాలి. మావాడు థర్మామీటర్ చూసి నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాడు. వీడియో కాల్‌లో అమ్మ ఆ అంకెలు పట్టించుకోలేదు. "ఫోను వాటి దగ్గర పెట్టు నాన్నా, అరుపు విననీ" అంది. విని, "చలేస్తోంది వాటికి. వెచ్చగా ఉన్న పిల్ల అలా గీపెట్టదు" అని తేల్చేసింది. చూస్తే అన్నీ దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కున్నాయి. గరాజ్ తలుపు సందులోంచి గాలి కొడుతోంది. అట్టముక్క అడ్డం పెట్టాక సద్దుమణిగాయి.

అంతవరకు వాడికీ నానమ్మకూ "తిన్నావా, బాగున్నావా" దాటి మాట సాగేది కాదు. ఇప్పుడు ఫోన్ వాడే చేస్తున్నాడు. తెలుగు తడబడుతుంది, అయినా అడగాల్సింది బోలెడు ఉంది కదా, ఆపడు.

అమ్మకూ నాకూ ఒక్కచోట పడలేదు. మూడేళ్ల చిన్నది ముట్టుకుంటానని ఏడుస్తుంటే "నువ్వు వాటితోనే పొర్లావు, ఏమైందిరా?" అంటుంది. ఐదేళ్లలోపు పసివాళ్లను ముట్టుకోనివ్వొద్దని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మాట. చూడ్డానికి హుషారుగా ఉన్న కోడిపిల్ల రెట్టలోనూ జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇందులో నా ఓటు సీడీసీకే. చిన్నది దూరం నుంచే చూస్తోంది, పెద్దాడు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాల్సిందే.

ఈకలు పూర్తిగా రావడానికి ఆరు వారాల దాకా పడుతుంది. ఎండ బాగా కాసిన రోజు కాసేపు పెరట్లో వదులుదామంటే ఇక్కడా గద్దలున్నాయి. గంప కింద మూయమని నానమ్మ సలహా. వెదురు గంప ఇక్కడెక్కడ దొరుకుతుంది? వాడు చిల్లుల లాండ్రీ బాస్కెట్ బోర్లించి, మీద ఇటుక పెట్టి చూస్తున్నాడు. ఉతికిన బట్టలన్నీ సోఫా మీదున్నాయి, వాళ్లమ్మ ఇంకా చూడలేదు.