ఆవ పెట్టిన కూర, కలకత్తా టికెట్లు

నవంబరు 9, ఆదివారం

పొద్దున్న ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం, ఆయనో మూల, నేనో మూల. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి జనవరి 8 గురువారం రాత్రి విశాఖ నుంచి కలకత్తా వెళ్లే రైలు, కోరమండల్‌కి ఇవాళే తెరిచారు. ముగ్గురికీ దొరికాయి. అత్తయ్యకి లోయర్ బెర్తు కూడా వచ్చింది. లేకపోతే ఈ ప్రయాణం అక్కడితో ఆగిపోయేదే.

శుక్రవారం పొద్దెక్కాక హౌరా పక్కనున్న షాలిమార్‌లో దిగుతాం. ఆదివారం రాత్రి హౌరాలో మళ్లీ రైలెక్కాలి. చేతిలో ఉన్నది మూడు పగళ్లు, మూడు కడుపులు. ఆయన మొదట శని, ఆది, సోమ అన్నారు. సోమవారం ఇండియన్ మ్యూజియం ఉండదు, విక్టోరియా మెమోరియల్ లోపలి గ్యాలరీలూ ఉండవు. ఇంతకుముందు ఒక ఊళ్లో ఇలాగే వారం చూసుకోకుండా వెళ్లి, మూసిన గేటు ముందు ఫొటో దిగి వచ్చాం. ఆ ఫొటో ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. దాన్ని వేలితో చూపించాను. ఆయన మారు మాట్లాడలేదు.

ఆదివారం అక్కడ ఉండి తీరాలి అనడానికి నా కారణం వేరు. టిరెట్టా బజార్‌లో చైనా వాళ్ల టిఫిన్లు. పొద్దున్నే ఆరు, ఆరున్నరకల్లా రోడ్డు పక్కన ఆవిరి పాత్రలు పెట్టి మోమోలు, బావ్‌లు, చేప ఉండల సూపు అమ్ముతారు. ఎండెక్కేసరికి సర్దేస్తారు. ఆయన్ని సెలవు రోజు ఆరింటికి లేపడం ఎలాగన్నది ప్లానులో ఇంకా ఖాళీగానే ఉంది.

పాత క్యాలెండరు కాగితం వెనక రాస్తూ పోతే తినేవే పంతొమ్మిది తేలాయి. కలకత్తా బిర్యానీ దగ్గర కాసేపు ఆగాం. 1856లో అవధ్ రాజ్యం పోగొట్టుకున్న లక్నో నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరి మెటియాబ్రుజ్‌లో కాపురం పెట్టాడు. ఆయన వెంట వచ్చిన వంటవాళ్ల చేతి బిర్యానీయే తర్వాత ఊరంతా పాకింది. అందులో ముక్కతో పాటు ఒక పెద్ద బంగాళాదుంప ఉంటుంది. మాంసం ఖర్చు తగ్గించడానికి వేశారని కొందరు, అప్పట్లో దుంపే గొప్ప వస్తువని కొందరు అంటారు. నాకైతే రెండోదే నమ్మాలని ఉంది.

"కార్తీకం వెళ్లేదాకా ఆ ముక్కల గోల ఆపండర్రా," అని వంటింట్లోంచి అత్తయ్య. నిజమే, కార్తీకం మొదలైనప్పటి నుంచి ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగటం లేదు. మేమేమో హిల్సా చేప ఆవ ముద్దలో వండుతారట అని లొట్టలేస్తున్నాం. ఆవ అనేసరికి ఆవిడ బయటికొచ్చారు. ఇవాళ మా ఇంట్లో ఆవ పెట్టిన అరటికాయ కూర. మిక్సీ వేడికి చేదొస్తుందని ఆవిడ చిన్న రోట్లోనే నూరతారు: ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు, తడి అంటీ అంటకుండా నీళ్లు. ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరిగితే నూరడం అయినట్టు. కూర దించాకే కలపాలి, పొయ్యి మీద ఉండగా కలిపితే పాడవుతుంది.

"వాళ్లు చేపకి పెడతారా? చేదు రాదూ?"

"ఉప్పు, పచ్చిమిరపకాయ వేసి నూరితే రాదంట అత్తయ్యా."

"ఉప్పు వేస్తున్నారా, అయితే తెలిసినవాళ్లే," అని లోపలికి వెళ్లిపోయారు. కాళీఘాట్, దక్షిణేశ్వరం ముందు రాసుకోమని మళ్లీ వెనక్కి వచ్చి చెప్పారు. రాశాను. దక్షిణేశ్వరం దాకా ఇప్పుడు మెట్రో ఉంది కాబట్టి ఆవిడ మోకాళ్లకి ఇబ్బంది లేదు.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. పూజ సెలవులు అయిపోయినా బెంగాలీలు ఇంకా బాగానే కనిపిస్తున్నారు. మురీ మిక్చర్ బండి దగ్గర మా మావయ్యగారి వయసు పెద్దాయన ఒకరు, పచ్చి ఆవనూనె రెండు చుక్కలు వెయ్యమని బండివాడితో హిందీలో బేరం. వాడు నవ్వి నిమ్మకాయ ఇంకో చెక్క పిండాడు. ఝాల్‌మురీకి ఆ నూనె లేకపోతే ఏం రుచి అని ఆయన బాధ నాకు చెప్పుకున్నారు. మాటల్లో మా జాబితా చూపించాను. కాగితం దూరంగా పట్టుకుని చదివి, రసగుల్లా మీద వేలు పెట్టారు. అది ఎప్పుడైనా తినొచ్చు, జనవరిలో వస్తూ నోలెన్ గుర్ సందేశ్ రాసుకోలేదేం, అన్నారు. నోలెన్ గుర్ అంటే కొత్త బెల్లంట, దాంతో చేసే మిఠాయి సందేశ్. ఏ చెట్టు బెల్లం అని అడిగితే చేతులతో చూపించారు: గరుకు మాను, ముళ్లాకులు, మెడ కింద గీత, కుండ.

ఈత చెట్టు! మా అమ్మమ్మగారి ఊరి గట్ల మీద వరసగా ఉండేవి. మాకు తెలిసింది కల్లే. అక్కడ చలికాలం రాత్రంతా కారిన రసాన్ని తెల్లారకముందే దించి, పులిసే లోపు కాచేస్తారట. చలి తగ్గితే రసం రాత్రికి రాత్రే పులుస్తుంది, బెల్లం ఉండదు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్తే నమ్మలేదు. "ఈత బెల్లమా? కల్లు వాసన రాదూ?" అని రెండుసార్లు అడిగారు. జాబితా పంతొమ్మిది నుంచి పదకొండుకి దింపాను. రసగుల్లా కొట్టేశాను, ఆయన చూడనప్పుడు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి అటక మీంచి దించాలి.

తిరుగు టికెట్లు బుధవారం ఎనిమిదికి తెరుస్తారు. అలారం పెట్టాను.