డెబియన్ 12 నుంచి 13కి: బూట్ పార్టిషన్ దగ్గర పేచీ

మొత్తానికి నా సర్వర్ మీద ట్రిక్సీ (డెబియన్ లినక్స్ 13) ఎక్కింది. వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్, ఫైల్ షేరింగ్ సాంబా కిక్కురుమనకుండా లేచాయి. విసిగించిందల్లా కెర్నల్ (సిస్టమ్ మూలభాగం), బూట్ ఫైళ్ళు ఉండే 455 ఎంబీల బూట్ పార్టిషన్.

ఫుల్ అప్‌గ్రేడ్ దాదాపు అయిపోయి, చివర్లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ తొలిదశలో కెర్నల్ వాడుకునే చిన్న ఫైల్ సిస్టమ్; దాని ఇమేజ్ ఫైలే ఇనిట్‌ఆర్‌డీ) ట్రిగ్గర్ దగ్గర 'డిస్కులో చోటు లేదు' అంటూ ఆగింది. ఖాళీ ఎంతో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే 100 ఎంబీలు ఖాళీ! ఐనోడ్లూ (ఫైళ్ళ నమోదు గళ్ళు) బోలెడున్నాయి. రెండో టెర్మినల్లో డీఎఫ్‌ని అర సెకనుకోసారి తిరిగి నడిచేలా వాచ్‌లో పెట్టి మళ్ళీ నడిపితే గుట్టు బయటపడింది. ఖాళీ 100 నుంచి జర్రున సున్నాకి జారి, ఎర్రర్ రాగానే మళ్ళీ 100కి వచ్చేసింది.

లెక్క ఇదీ. పాత 6.1 కెర్నళ్ళు రెండు, ఒక్కోటీ ఇనిట్‌ఆర్‌డీతో కలిపి 94 ఎంబీలు. కొత్త 6.12 ఇమేజ్ 12, దాని ఇనిట్‌ఆర్‌డీ 138. కెర్నల్ ప్యాకేజీ కాన్ఫిగర్ అయ్యేటప్పుడు ఆ ఇనిట్‌ఆర్‌డీ ఒకసారి తయారైంది, బూట్‌లో పట్టింది కూడా. చివర్లో ట్రిగ్గర్ దాన్నే మళ్ళీ కడుతుంది. అప్పుడు పాతదాన్ని చెరపకుండా పక్కన డాట్ న్యూ పేరుతో కొత్తది రాసి, పూర్తయ్యాకే పేరు మారుస్తుంది. అంటే ఇంకో 138 కావాలి. ఫెయిలైతే ఆ ఫైల్ని తీసేస్తుంది కాబట్టే తర్వాత చూస్తే చోటున్నట్టు కనిపిస్తుంది. 13 రిలీజ్ నోట్స్ బూట్‌కి 768 ఎంబీలు, అందులో 300 ఖాళీ ఉండాలన్నది ఊరికే కాదు.

నడుస్తున్న కెర్నల్ని వదిలేసి రెండో 6.1ని పర్జ్ చేసి (పూర్తిగా తీసేసి), ఆగిన ప్యాకేజీల సెటప్‌ని పూర్తిచేసే డీపీకేజీ కాన్ఫిగర్ మళ్ళీ నడిపితే సాఫీగా ముగిసింది.

138 ఎందుకైందని ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో విప్పి చూస్తే సగానికి పైగా గ్రాఫిక్స్ ఫర్మ్‌వేరే. మానిటరే లేని సర్వర్‌కి ఎందుకది? మాడ్యూల్స్ (డ్రైవర్లు) సెట్టింగ్‌ని మోస్ట్ (దాదాపు అన్నీ) నుంచి డెప్‌కి (ఈ మెషీన్‌కి కావాల్సినవే) మార్చమని చాలామంది సలహా. మార్చితే 41కి దిగింది, నిజమే. కానీ ఎస్‌ఎస్‌డీని వేరే కంట్రోలర్ ఉన్న మెషీన్లో పెడితే రూట్ (ప్రధాన ఫైల్ సిస్టమ్) దొరక్క ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ షెల్లోనే నిలబడుతుంది. సర్వర్‌కి ఆ పొదుపు వద్దు. ఫర్మ్‌వేర్ ప్యాకేజీని తీసేయడమే నయం. డెప్ పెట్టినా సైజు తగ్గకపోతే కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్లో డ్రైవర్ పాలసీ ఫైలుందేమో చూడండి. ఇన్‌స్టాలర్ రాసిన ఆ ఫైలే అసలు కాన్ఫ్ (సెట్టింగుల ఫైల్) మీద గెలుస్తుంది.

ఇంకో తలనొప్పి, అప్‌గ్రేడ్‌కి ముందు తీసే ఎల్‌వీఎమ్ (డిస్కుని వాల్యూమ్‌లుగా నిర్వహించే పద్ధతి) స్నాప్‌షాట్‌లోకి, విడి పార్టిషన్ కాబట్టి, బూట్ రాదు. రూట్‌ని వెనక్కి తిప్పితే 6.12 కెర్నల్ బూట్‌లోనే ఉంటుంది, దాని మాడ్యూల్స్ మాత్రం మాయం. అందుకే బూట్‌ని టార్ (ఒకే ఆర్కైవ్ ఫైల్) కట్టి విడిగా దాచాలి.

బూట్‌ని రూట్‌లోకే కలిపేస్తే ఈ రెండు బాధలూ తీరతాయి, గ్రబ్ (కెర్నల్ని లేపే బూట్ లోడర్) ఎల్‌వీఎమ్‌ని చదవగలదు. అయితే అందులోకి రాయలేదు. కొత్త కెర్నల్ని గ్రబ్ రీబూట్‌తో ఒక్కసారికే ఎంచుకుని, ప్యానిక్ 10 (కెర్నల్ కుప్పకూలితే 10 సెకన్లకి రీబూట్) పెట్టి, పడిపోతే దానంతటదే పాతదానికి వచ్చేలా చేసే ఏర్పాటు అక్కడ పనిచేయదు, గ్రబ్ ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ఉన్న ఆ ఒక్కసారి ఎంపికని చెరపలేదు గనక. ముందు వీఎమ్‌లో (వర్చువల్ మెషీన్) బూట్ విడిగా, రూట్‌లో కలిపి, రెండు పద్ధతులూ పెట్టి, కావాలనే ఇనిట్‌ఆర్‌డీ చెడగొట్టి చూడాలి.