బియ్యం డబ్బాలో కెమెరా

మా పాత కెమెరా లెక్క ప్రకారం మేము సెలవులకు నల్లగొండ వెళ్లింది 2008 జనవరి 1న. అప్పటికి మా అమ్మాయి పుట్టనే లేదు. ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉండి, లోపల గడియారాన్ని నడిపే చిన్న సెల్ చచ్చిపోయింది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా తారీఖు మళ్లీ మొదటికొస్తుంది.

డల్లాస్‌లో ఇల్లు సర్దుతుంటే పిల్లకు దొరికింది. దానికిప్పుడు పద్నాలుగేళ్లు. ఆ ఈడు పిల్లలందరికీ ఈ మధ్య ఇలాంటి పాత డిజిటల్ కెమెరాల పిచ్చి పట్టింది. ఏడు మెగాపిక్సెళ్లది. బ్యాటరీ మూత కొక్కెం విరిగిపోతే రబ్బరు బ్యాండ్ వేసింది. బటన్ సగం నొక్కి ఆగాలి, ఫోకస్ కుదిరాకే మిగతా సగం. ప్రతి ఫొటోలో మధ్యకు కాస్త పైన ఒక ఎర్ర చుక్క. సెన్సర్‌లో ఒక పిక్సెల్ చెడిపోయింది. చీకట్లో షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఆ చుక్క ఇంకా మెరుస్తుంది. ఈ అవకరాలన్నీ దానికి కంఠతా వచ్చు. తెలుగు గుణింతాలు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ‘కౌ’ దగ్గరే ఆగిపోతాయి.

వెళ్లిన నాలుగో రోజు మా అత్తమ్మ గిన్నెలు తోముతుంటే ఫొటో తియ్యబోయి గోలెం గట్టు మీద నుంచి జారింది. పిల్ల పడలేదు, కెమెరా పడింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసింది. తీసీ తీయగానే రబ్బరు బ్యాండ్ లాగేసి బ్యాటరీ, కార్డు బయటికి గుంజింది. అదే అసలు మందు. తడిలో కరెంటు పారితే లోపలి రాగి గీతలు త్వరగా తినేసుకుపోతాయి. ఇక ఫ్యాన్ కింద పెడదామని లేచింది.

అంతలో అత్తమ్మ చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి, బియ్యం డబ్బాలో పాతేసింది.

“ఏం గాదు బిడ్డా. బియ్యం నీళ్లన్నీ గుంజుకుంటయి. మీ తాత సెల్లు గట్లనే బాగైంది.”

“వద్దు నాయినమ్మా, బియ్యం పని చెయ్యదు. దుమ్ము లోపలికి పోతది.”

పిల్ల చెప్పింది నిజమే. తడి ఆరాలంటే గాలి తగలాలి, బియ్యం చేసేదేమీ లేదు. పైగా తవుడు, పిండి సందుల్లోకి దూరతాయి. నాకూ తెలుసు. కానీ వంటింటి గడపలో మా ఆడబిడ్డ నిలబడి ఉంది. ‘అమెరికాల పెంచితే గింతే’ అని ఆమె అనకముందే నేను కళ్లెర్రజేశాను. “పెద్దోళ్లకు ఎదురు చెప్తారా?”

ఆ రాత్రి డాబా మీద పక్కలో పడుకుని అడిగింది: “అక్కడ టీచర్ తప్పు చెప్తే చెయ్యెత్తి చెప్పమంటావు. చెప్పకపోతే తిడతావు. ఇక్కడ చెప్తే తిట్టావు. రూల్ ఏంటమ్మా?”

దోమలు కుడుతున్నాయి పడుకో అన్నాను.

మూడో నాడు బ్యాటరీ వేస్తే లెన్స్ సగం బయటికొచ్చి, గర్రుమని ఆగి, మళ్లీ లోపలికి పోయింది. గడియారం సెంటర్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి పట్టుకెళ్లాం. “ఈ డబ్బాలు చూసి పదేండ్లాయె అక్కా” అంటూనే చిన్న బ్లోయర్‌తో గాలి కొట్టాడు. సన్నటి ప్లాస్టిక్ ముక్కను లెన్స్ చుట్టూ తిప్పాడు. టప్పున ఒక నూక రాలింది. రెండు వందలు తీసుకున్నాడు. లెన్స్ బాగైంది కానీ తెర సగం మీద నీటి మరక అలాగే ఉండిపోయింది, మెనూ కనిపించదు.

పిల్ల ఆ నూకను కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చింది. అత్తమ్మ అరచేతిలో వేసుకుని కిటికీ దగ్గరికి పోయి చూసింది. “ఇది మనింటిది కాదు. మన బియ్యంల నూకుండది.”

పిల్ల నోరు తెరిచి, మూసుకుంది. మర్నాడు పొద్దున అడగకుండానే దాని కంచంలో మక్క గారెలు రెండు ఎక్కువ పడ్డాయి. క్షమాపణ అనే మాట మా అత్తగారింట్లో నేనెప్పుడూ వినలేదు. అది గారెల లెక్కలో తెలుస్తుంది.

తిరుగు ప్రయాణానికి ముందు అందరం పానగల్లు వెళ్లాం, ఛాయా సోమేశ్వరాలయానికి. కుందూరు చోళుల కాలంనాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. అక్కడ ఒక గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా శివుడిని వదలదు. వెలుతురు వచ్చే దారులను, స్తంభాలను అలా కుదిర్చారు. పిల్ల మొదట తీసిన ఫొటోలో ఫ్లాష్ వెలిగి గోడంతా తెల్లబడింది, నీడే లేదు.

“ఆ మెరుపు ఆపు బిడ్డా, నీడ పారిపోతది” అంది అత్తమ్మ.

మెనూ కనబడకపోయినా ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో దాని వేళ్లకు తెలుసు. ఫ్లాష్ ఆపింది. చెయ్యి వణక్కుండా కెమెరాను స్తంభానికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీసింది. నీడ పడింది.

ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూపించింది. అత్తమ్మ కళ్లద్దాలు సవరించుకుని తెర మీద వేలు పెట్టింది. సరిగ్గా లింగం మీద, ఆ ఎర్ర చుక్క.

“చూసినవా, బొట్టు ఎంత మంచిగ వడ్డదో” అని లెంపలేసుకుంది.

పిల్ల ఏమీ అనలేదు. నా వైపు చూసింది.