క్యాటలాగింగ్ క్లాసులో తెలుగు పుస్తకం

పగలు అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో క్యాటలాగింగ్, అంటే పుస్తకాల వివరాలు వెతకడానికి వీలుగా నమోదు చేసే ఉద్యోగం, రాత్రి పిల్లలు పడుకున్నాక కోర్సు తయారీ. ఈ ఎండాకాలమంతా ఇదే వరస. లైబ్రరీ సైన్సులో మాస్టర్స్ చేసేవాళ్లకి ఆన్‌లైన్‌లో క్యాటలాగింగ్ చెప్పమని ఇక్కడి కాలేజీ ఒకటి అడిగింది. నాది అడ్జంక్ట్ పని, అంటే మన గెస్ట్ లెక్చరరే. కోర్సుకి ఇంతని ఇస్తారు, చేరినవాళ్లు తక్కువైతే క్లాసే ఎత్తేస్తారు. అదేదో తేలకముందే సిలబస్, వారం వారం పాఠాలు సిద్ధంగా ఉండాలి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా అమ్మ ఫోన్‌లో నవ్వింది.

అందరూ ఒకే వేళకి కూర్చునే క్లాసు కాదిది. ఎవరి ఉద్యోగం అయ్యాక వాళ్లు వీడియో చూసుకుంటారు. ఎదురుగా ఉంటే రెండు మాటల్లో తేలిపోయే సందేహానికి కూడా ముందే జవాబు రాసి పెట్టాలి. వీడియోలకి కాప్షన్లు తప్పనిసరి. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలు మొదటి వారం పాఠం. నా ఉచ్చారణకి యంత్రం రాసిన కాప్షన్లలో ఆయన పేరు పలికినచోటల్లా ఒక కొత్త మనిషి పుట్టుకొచ్చాడు. అన్నీ చేత్తో దిద్దాను.

పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ వర్గీకరణకి మాత్రం ధారాళంగా సమయమిచ్చాను. 1876 నాటి పద్ధతి. మతానికి కేటాయించిన 200లలో 220 నుంచి 289 దాకా బైబిల్, క్రైస్తవమే. మిగతా లోకమంతా 290లో సర్దుకోవాలి, హిందూమతం 294.5. ఇంగ్లీషు సాహిత్యానికి 820 చాలు, తెలుగు సాహిత్యం కావాలంటే 894.827 దాకా నడవాలి.

అభ్యాసానికి మా లైబ్రరీలోని 1960ల నాటి తెలుగు నవల ఒకటి తీశాను. పీఎల్-480 చట్టం కింద అమెరికా మనకి గోధుమలు రూపాయలకి అమ్మింది. ఆ రూపాయల్లో కొంత పెట్టి అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి మన పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకి పంపింది. మా నాన్న ఆ గోధుమల కోసం రేషన్ షాపు క్యూలో నిలబడ్డవాడే.

టైటిల్ పేజీ ఫొటో, పక్కన రోమన్ లిపిలో అదే పాఠం ఇస్తాను. రచయిత పేరు మార్క్ రికార్డులో, అంటే పుస్తకం వివరాలు కంప్యూటర్ చదివేలా అంకెల గళ్లలో (ఫీల్డుల్లో) రాసే పద్ధతిలో, 100 ఫీల్డులో రాయాలి. చివరి మాటే ఇంటిపేరనుకునే అలవాటు ఇక్కడ బోల్తా కొడుతుంది. ఊహించడం మాని, ఏ పేరు ఏ రూపంలో రాయాలో నిర్ణయించి పెట్టిన అథారిటీ ఫైల్లో వెతకాలి. తెలుగు లిపి 880 ఫీల్డులో వెళ్తుంది. మా పాత రికార్డుల్లో చాలావాటికి ఆ ఫీల్డే లేదు. ఒక తెలుగు కుర్రాడు తెలుగులో టైపు చేసి వెతికితే, పుస్తకం మూడో అంతస్తులోనే ఉన్నా "ఏమీ దొరకలేదు" అంటుంది స్క్రీన్. ఆ ఖాళీ స్క్రీన్‌ని కూడా ఫొటో తీసి పాఠంలో పెట్టాను.

కోర్సు చూసే కోఆర్డినేటరమ్మకి ఇది నచ్చలేదు. భాష రాని పుస్తకమిస్తే పిల్లలకి టెన్షన్ కదా అంది. "రేపు ఉద్యోగంలో వాళ్ల బల్ల మీదికి అరబిక్ వస్తుంది, కొరియన్ వస్తుంది. ఆ టెన్షనేదో నా క్లాసులోనే పడనివ్వండి" అన్నాను. సరేనంది, కాకపోతే ఈ అభ్యాసానికి పెట్టిన ఇరవై మార్కుల్ని పదికి తగ్గించమంది. తగ్గించాను.