నొప్పి తగ్గిన ఆ మూడు గంటలు

మళ్ళీ హెలికాప్టర్ నడుపుతున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

2024 మే 9. పార్లమెంటు ఎన్నికల ప్రచారం 11వ తేదీ సాయంత్రంతో ఆగిపోతుంది. చార్టర్ హెలికాప్టర్ నడిపేవాళ్ళకు అవి ఊపిరాడని రోజులు. ఆ రోజు ఐదు చోట్ల దిగాం. రాత్రికి హెలికాప్టర్‌ను నల్లగొండలోనే పోలీసు కాపలాలో ఉంచి అమ్మావాళ్ళింట్లో పడుకున్నాను. పదకొండింటికి ఎడమవైపు నడుములో పొడిచినట్టయింది. పావుగంటలో గజ్జల దాకా దిగింది. కూర్చుంటే పడుకోవాలని, పడుకుంటే లేవాలని. రెండుసార్లు వాంతి. ఎటు తిరిగినా ఊరట దొరకని నొప్పి కిడ్నీ రాయి లక్షణమని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు.

తెలియాల్సినవాడికీ తెలియలేదు. దగ్గర్లోని ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు పొట్ట మీద చెయ్యేసి, "గ్యాసే. ఎలక్షన్ బిర్యానీలు బాగా తిన్నట్టున్నారు" అన్నాడు. పొద్దున్నుంచి నా కడుపులో పడ్డవి రెండు అరటిపండ్లు. మూత్రపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజక్షన్ వేసి పంపించాడు.

కంపెనీకి ఫోన్ చేశాను. "ఇంకో రెండు రోజులు నెట్టుకురాలేరా కెప్టెన్? తర్వాత ఎన్ని రోజులైనా రెస్ట్ తీసుకోండి" అన్నాడు మేనేజరు. ఎట్లుందని అడగలేదు. ఆ మాట ఇంకా నా చెవిలోంచి పోలేదు.

ఇంజక్షన్ పనిచేసింది. పన్నెండింటికి నొప్పి మాయం. పన్నెండు నుంచి మూడు దాకా నేను చేసిన పని ఒకటే: పొద్దున తొమ్మిదింటి ఫ్లైటుకు లెక్కలు వేసుకోవడం. ఇంధనం ఎంత, దేవరకొండకు ఎన్ని నిమిషాలు, ఎవరెవరు ఎక్కుతారు. పోగలననే అనుకున్నాను. ఆ మూడు గంటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. మాది ఒక ఇంజను, ఒక్కడే పైలట్. కుడిచెయ్యి దిశ మార్చే కర్ర సైక్లిక్ మీద, ఎడమచెయ్యి పైకీ కిందకీ తీసుకెళ్ళే కర్ర కలెక్టివ్ మీద, రెండు కాళ్ళు పెడల్స్ మీద. ఆటోపైలట్ లేని యంత్రంలో కుడిచెయ్యి వదిలితే అది తిన్నగా పోదు. డైక్లోఫెనాక్ నొప్పినే కాదు, జ్వరాన్నీ అణిచిపెడుతుంది. రాయి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మందు దిగిపోయే వేళకు నేను గాల్లో ఉండి ఉంటే వెనక సీట్లలో ఉన్నవాళ్ళ గతి?

మూడింటికి వణుకు మొదలైంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. జ్వరం 103. మూత్రానికి వెళ్తే నాలుగు చుక్కలు. "ఏమైతాంది బిడ్డా" అని అమ్మ నా కాళ్ళు రుద్దుతూనే ఉంది. బావ కారు తీశాడు. "నువ్వేం మాట్లాడకు, కండ్లు మూసుకో" అన్నాడంతే. చెర్వుగట్టు దగ్గరికి రాగానే అమ్మ చీకట్లోనే గుట్ట వైపు దండం పెట్టి, రామలింగేశ్వరుడికి మొక్కుకుంది. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్. ఎల్బీనగర్ చేరేసరికి ఐదు కావస్తోంది.

అక్కడి ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీస్తే ఎడమ మూత్రనాళంలో 8 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. నాది అడ్డం పడింది, వెనక ఆగిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరింది. యూరాలజిస్టు ఇంటినుంచి పరుగున వచ్చాడు. "రాయి సంగతి తర్వాత, ముందు దారి తెరవాలి" అని మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం వేశాడు. ఇన్ఫెక్షన్ ఉండగా రాయి జోలికి వెళ్తే ఆ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుందట. లేజరుతో రాయి పొడి చేసింది మూడు వారాల తర్వాత. ఆయన చేతులకు దండం పెట్టాలి.

మా నల్లగొండ నీళ్ళే కొంప ముంచాయని అమ్మ. మర్రిగూడ వైపు పుట్టిన మనిషి, ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయినవాళ్ళ మధ్య పెరిగింది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వచ్చినా ఆ భయం పోలేదు. డాక్టరు మాత్రం నన్నొకటే అడిగాడు: "రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతారు?" ప్రచారం రోజుల్లో ఒక లీటరు కూడా కాదు. తాగితే పోయడానికి చోటు లేదు. హెలిప్యాడ్ చుట్టూ వేలమంది జనం. ఇంజను ఆపినా పైలట్ కదలకూడదు. తోక రెక్క పట్టుకుని ఫోటో దిగాలనుకునేవాళ్ళుంటారు. మీటింగు ఆలస్యమవుతుంది, మేలో ఆరూ నలభైకి పొద్దు గుంకుతుంది, దేవరకొండ నుంచి బేగంపేటకు పాతిక నిమిషాలు. ఆరుంబావు దాటితే నేను లేవను, నాయకుడేమో వేదిక దిగిరాడు. గాజు బుడగలాంటి కాక్‌పిట్‌లో 42 డిగ్రీల ఎండ. అదే మైదానంలో దుమ్ము లేవొద్దని ట్యాంకరుతో నీళ్ళు చల్లుతారు. ఎర్రమట్టి లేస్తే దిగేటప్పుడు నేల కనపడదు కాబట్టి అది తప్పనిసరే. అరగంటలో ఆరిపోతుంది, మళ్ళీ చల్లుతారు. ఆ తడి వాసన పీలుస్తూ నేను నోరెండి కూర్చునేవాణ్ణి.

ఇక మెడికల్, అంటే పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష. రాయి ఉందని తేలితే అన్‌ఫిట్, ఎగరకపోతే ఫ్లయింగ్ అలవెన్సు లేదు. అందుకే మావాళ్ళు దాచుకుంటారు, నొప్పి బిళ్ళ మింగి ఎక్కుతారు. నేను దాచలేదు. రాయి లేదన్న కొత్త సీటీ స్కాన్, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష, 24 గంటల మూత్రపరీక్ష, డిశ్చార్జ్ సమ్మరీ అడిగారు. అన్నీ ఒక ఫైల్లో పెట్టి చూపించాను. మూత్రనాళాన్ని వదులు చేసే టామ్సులోసిన్ మందు వాడుతున్నన్ని రోజులు కాక్‌పిట్ వైపు పోలేదు, లేచి నిలబడితే బీపీ పడిపోవచ్చు దానికి. డబ్బుకు ఇబ్బంది పడ్డాం. ఎగరని ఆ నాలుగు నెలలు అక్కావాళ్ళు మా ఇల్లు నడిపారు.

తోటి పైలట్లకు చెప్పేది: ఎక్కే ముందు రెండు గంటల్లో అరలీటరు తాగండి, దిగిన ప్రతిచోటా ఒక గ్లాసు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా ఉండాలి. రంగు గడ్డివామును తలపిస్తే ఫర్వాలేదు, ఆవనూనెలా ఉంటే తాగింది సరిపోలేదన్నట్టు. ఉప్పు తగ్గించండి, నిమ్మకాయ నీళ్ళు మంచివి. కాల్షియం రాయి అన్నారని పాలు, పెరుగు మానొద్దు, కాల్షియంతో కలిసి రాయి కట్టే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టి ఉంచేది అవే. జెల్ ఉన్న మూత్రం సంచులు దొరుకుతాయి, సీటు కింద రెండు పెట్టుకోండి. నడుము నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. స్కానింగ్ చేయమని గట్టిగా అడగండి, ఎవరేమనుకున్నా సరే.

హెలిప్యాడ్ కోసం నిర్వాహకులకు పంపే కాగితంలో నీళ్ళ ట్యాంకరు, ఫైరింజను, గాలి చూపే గుడ్డ అని ఉంటాయి. నేను పోయే చోట్లకు కింద ఒక లైను రాసి పంపుతున్నాను: కంచె లోపల మరుగుదొడ్డి, పైలట్ పోయివచ్చేదాకా హెలికాప్టర్ దగ్గర ఒక మనిషి. చాలాచోట్ల పట్టించుకోరు. అచ్చంపేటలో ఒక కానిస్టేబుల్ ఆ కాగితం చేతిలో పట్టుకుని వచ్చాడు. "మీరు పోయి రాండ్రి సార్, తోక దిక్కు నేను నిలబడ్త" అన్నాడు.