రెండు రూపాయల వడ్డీ

2026 జనవరి 2, శుక్రవారం

ధనుర్మాసంలో వీధి మొత్తానికీ మొదటి ముగ్గు మా వాకిట్లోనే పడాలన్న పట్టుదల ఇంకా చావలేదు. మోకాళ్లే సహకరించడం లేదు. చుక్కలు తగ్గించి చిన్న ముగ్గుతో సరిపెట్టాను.

పది గంటలకు పోస్టాఫీసుకు వెళ్లి పాసుపుస్తకంలో పద్దు వేయించుకున్నాను. ఆయన పోయాక వచ్చిన సొమ్ములో 12 లక్షలు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేశాను. 8.2 శాతం లెక్కన మూడు నెలలకు 24,600 రూపాయలు పడుతుంది. మన వాడుక లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు అరవై ఎనిమిది పైసలు. మందులు, కరెంటు బిల్లు, పాలు అందులోనే గడిచిపోతాయి.

ఇంటికి వచ్చేసరికి మేనల్లుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. “పోస్టాఫీసులో ఏం గిడుతుంది అత్తయ్యా, తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీ ఇస్తామంటున్నారు, ప్రోనోటు కూడా రాసిస్తారు” అన్నాడు. అంటే నెలకు 24 వేలు. నాకు మూడు నెలలకు వచ్చేది వాళ్లు దాదాపు నెలకే ఇస్తారన్నమాట! అంత వడ్డీ కట్టగలిగినవాడికి బ్యాంకు ఎందుకు అప్పివ్వలేదని అడిగితే కాఫీ చల్లారిపోతోందన్నాడు. ప్రోనోటు మీద మూడేళ్లలోగా దావా వేయకపోతే అది చిత్తుకాగితమే. ఈ వయసులో నేను కోర్టు మెట్లెక్కాలా? పైగా గడువుకు ముందే తీస్తే పోస్టాఫీసువాళ్లు కోసేది కోస్తారు. వాడు చెడ్డవాడు కాదు, కమీషన్ మీద ఆశ, అంతే. పెసరట్టు పెట్టి పంపించాను.

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు, బాత్రూమ్‌లో స్టీలు పట్టుకడ్డీ బిగించడానికి. తువ్వాలు ఆరేసుకునే ఎత్తులో బిగించబోయాడు. ఆగమని, కమోడ్ మీద కూర్చుని, లేవబోతే చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టించాను. డ్రిల్లు జారకుండా టైలు మీద టేపు అంటించి, నెమ్మదిగా రంధ్రాలు వేశాడు. బిగించాక నా బరువంతా వేసి లాగాను. కదల్లేదు. “మా అమ్మకూ ఒకటి పెట్టాలండీ” అన్నాడు. ఎప్పుడో కాదు, ఈ వారమే పెట్టమన్నాను.

సాయంత్రం పక్కింటి పిన్నిగారు వచ్చారు. ఎనభై దాటాయి. ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాసేసి, ఇప్పుడు అదే ఇంట్లో వెనక గదిలో ఉంటున్నారు. కాఫీ కావాలన్నా కోడలి ముఖం చూడాల్సి వస్తోందట. తల్లిదండ్రుల పోషణకు 2007లో చేసిన చట్టం ఒకటి ఉంది. బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చినప్పుడు, చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయమని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఆ మాటే చెప్పి, కాగితంలో షరతు రాయించారా అని అడిగాను. “కన్నకొడుకుతో షరతులేమిటమ్మా? వాడి మీద అర్జీ పెట్టమంటావా?” అన్నారు. ఇంకేం మాట్లాడతాను. జంతికలు పొట్లం కట్టి ఇచ్చాను.

నా ఇల్లు మాత్రం నేను ఉన్నంతకాలం నా పేరనే ఉంటుంది. వీలునామా రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాను. మనసు మారితే మార్చి రాసుకోవచ్చు, గిఫ్ట్ డీడ్‌తో ఆ వెసులుబాటు లేదు. పిల్లల మీద నమ్మకం లేక కాదు. వాళ్లకూ ఈఎంఐలు ఉంటాయి, ఇబ్బందులు ఉంటాయి, అప్పుడు ఎదురుగా కనిపించేది అమ్మ ఇల్లే.

రాత్రి పుణె నుంచి అమ్మాయి ఫోను. కాగితాల సంగతి ఎత్తగానే “పండగ ముందు ఆ మాటలేమిటమ్మా” అని కసిరి, అరిసెలకు బియ్యం ఎప్పుడు నానబోస్తావని అడిగింది. ఆదివారం అన్నాను. బీరువా తాళం బియ్యం డబ్బా వెనకే ఉంటుందని ఆ మాటలోనే కలిపి చెప్పేశాను.