నానమ్మ ముందు మాంత్రికుల పంచాయితీ

డాలస్‌లో మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు సగం ఫాంటసీ నవలల మీదే నడుస్తాయి. మా అమ్మాయికి పన్నెండేళ్లు. లైబ్రరీకి వెళ్లిందంటే చేతుల్లో పట్టినన్ని తెచ్చుకుంటుంది. పాలమూరులో మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి, వాడిదీ అదే పిచ్చి. మా సెలవులకు మేం వెళ్లేసరికి అక్కడ బడులు తెరిచేస్తారు. ఇది పొద్దంతా వాడి కోసం ఎదురుచూస్తుంది, వాడు యూనిఫాం మార్చుకోకముందే పుస్తకాల పంచాయితీ మొదలవుతుంది. మా అమ్మాయి ఎక్కువ తెలుగు మాట్లాడేది ఆ వేళలోనే. తెలుగులో మాట్లాడమని ఎవరూ చెప్పరు. నానమ్మను తన వైపు తిప్పుకోవాలంటే తెలుగులోనే వాదించాలి మరి.

ఒక సాయంత్రం హ్యారీ పాటర్ గురించి మాట వచ్చింది. అందులో వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి వేర్వేరు చోట్ల దాస్తాడు. అవన్నీ నాశనమైతే తప్ప వాడికి చావు లేదు. చాటలో కందిపప్పు ఏరుతున్న మా అమ్మ చెయ్యి ఆపి, "మాయల ఫకీరు గట్లనే కదనే. వాని పానం సిలుకల ఉండె" అంది. ఇక బాలనాగమ్మ కథంతా చెప్పింది. ఫకీరు ఆమెను కుక్కను చేసి తీసుకుపోవడం, ఆమె నోము సాకు చెప్పి వాణ్ణి దూరం పెట్టడం, కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై ఏడు సముద్రాల అవతలి చిలుక కోసం బయలుదేరడం. పప్పు అలాగే ఉండిపోయింది.

ఒక్క చిలుకలో ప్రాణం పెట్టుకోవడం తెలివితక్కువ పని అని మా అమ్మాయి వాదన. నానమ్మ ఒప్పుకోలేదు. "గన్ని దిక్కుల దాస్తే కావలి ఎవలు కాస్తరు బిడ్డా? ఒక్క సిలుకైతే సూసుకోవచ్చు." మా అన్న కొడుకు నానమ్మ పక్షం. నన్నడిగితే ఫకీరు కన్నా బాలనాగమ్మే గొప్ప పాత్ర. కత్తి పట్టకుండా, మంత్రం రాకుండా అంత కాలం నిలబడింది. ఆ మాట అంటే మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే కథ ఆమె వైపు నుంచి ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంది. మంచి ప్రశ్న. నానమ్మ దగ్గర కూడా దానికి జవాబు లేదు.

మన కథ కాబట్టి చదవాలి అని చేతిలో పెడితే పిల్లలు ఆ పుస్తకం ముట్టుకోరు. ఎక్కడ బాగుంటుందో, ఎక్కడ సాగదీస్తుందో తోటి పాఠకుడికి చెప్పినట్టు చెబితే చదువుతారు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఎత్తుగడ నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. కాశీకి నడిచి వెళ్లే మణిసిద్ధుడికి తోడుగా వస్తానన్న గోపకుమారుడు ఒక షరతు పెడతాడు: మజిలీ మజిలీకి, తాను చూసిన వింత గురించి అడిగితే కథ చెప్పాలి. అయితే భాష గ్రాంథికం, పిల్లలకు కొరుకుడు పడదు. పైగా చాలా కథల్లో ఆడపిల్లలు రాజులకు బహుమానాల్లా దొరుకుతారు. అందుకే ఒక్కో మజిలీ నేను ముందు చదువుకుని నా మాటల్లో చెబుతాను, నచ్చనిది నచ్చలేదని కూడా చెబుతాను. దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో రాసిన సీరియళ్లతో ఆ ఇబ్బంది లేదు. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలకు ముందు అవే ఇవ్వమంటాను. చిన్న భాగాలు, ప్రతి భాగం చివర పెద్ద చిక్కు, పక్కనే చిత్రా గారి బొమ్మలు.

అటునుంచి మా అమ్మాయి వాళ్లన్నకు ఇచ్చింది ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ మొదటి నవల. అందులో మాంత్రికుడు గెడ్ తెల్లవాడు కాదు, గోధుమ రంగు మనిషి. తను అంతకు ముందు చదివిన మాంత్రికుల్లో అలాంటివాడు లేడని దానికి అదంటే ప్రాణం. వాడు రెండు రోజుల్లో చదివేసి, "యుద్ధమే లేదు, నీడ ఎనక తిరుగుడే సరిపోయింది" అని తీర్పు చెప్పాడు. ఇది ఆ పూట వాడితో మాట్లాడలేదు. నేను మాత్రం అమ్మాయి వైపే. తాను విడిచిపెట్టిన నీడనే తాను ఎదుర్కోవాల్సి రావడం కన్నా పెద్ద యుద్ధం ఏముంటుంది?

వాళ్లిద్దరినీ మళ్లీ కలిపింది పిల్లలమర్రి. ఎకరాల కొద్దీ పరుచుకున్న, వందల ఏళ్ల నాటి మర్రి. ఊడలు దిగి ఏది మొదలో ఏది కొమ్మో తెలియదు. చెదలు పట్టి 2017లో పెద్ద కొమ్మ విరిగిందని, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి సూదులతో మందు ఎక్కించారని మా అన్న కొడుకు చెబుతుంటే మా అమ్మాయి నోరు తెరుచుకుని వింది. "చెట్టుకు సెలైనా? ఇది ఇంకా ఎవరూ నవలగా రాయలేదా?" అంది. టోల్కీన్ నవలలో నడిచే చెట్లున్నాయి, ఆస్పత్రిలో ఉన్న చెట్టు లేదు. కారెక్కేలోపే కథ మొదలైంది. భూమి కింద చెదల రాజ్యం, పైన ఊడల సైన్యం.

ఇప్పుడది ఫోన్లో నడుస్తోంది, మాకు శుక్రవారం రాత్రి, వాళ్లకు శనివారం పొద్దున. చెదల వైపు న్యాయం కూడా చెప్పాలని ఇది, వాటికి న్యాయమేంది అని వాడు. అసలు గొడవ మాత్రం చెట్టు మాట్లాడాలా వద్దా అన్నదాని మీద. నానమ్మ మాట్లాడాలంటోంది. నాకైతే వద్దనే అనిపిస్తుంది. అన్నేళ్ల చెట్టు నోరు తెరిస్తే పక్కన ఇంకే పాత్ర మాటా ఎవరూ వినరు.